డాడ్జ్ సిటీ నుంచి వెళ్ళే బండి

మా అత్తగారు మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు ఆరు నెలలు మా దగ్గరున్నారు. కాన్సస్‌లో జనవరి అది. బయట మోకాలి లోతు మంచు. మేమిద్దరం పొద్దున్నే ఆఫీసులకి పోతే ఆవిడకి తోడు టీవీ ఒక్కటే. తెలుగు చానళ్ళు పెట్టించాం గానీ నాలుగు రోజులకే "ఇవి తెనాల్లో రావా ఏంటి" అనేశారు. రిమోటు నొక్కుకుంటూ పోయి, యాంటెన్నాతో ఉచితంగా వచ్చే పాత సీరియళ్ళ చానల్ ఒకటి పట్టుకున్నారు. మధ్యాహ్నం గన్‌స్మోక్, బొనాంజా అనే కౌబాయ్ సీరియళ్ళు, అంటే వెస్టర్న్‌లు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలరు, అంతే. మాట అర్థం కాదు. అయినా రెండు వారాలకి, గన్‌స్మోక్ కథ జరిగే డాడ్జ్ సిటీలో ఎవరెవరికి పడదో ఆవిడకి నాకంటే బాగా తెలిసిపోయింది.

ఒకరోజు నేను ఇంట్లో అడుగుపెట్టీ పెట్టగానే అడిగారు. "అమ్మాయీ, ఆ బోర్డు మీద సెలూన్ అని రాసుందా? మరి అన్ని గడ్డాలేసుకుని కూర్చుంటారు, ఒక్కడూ గీయించుకోడేం?"

నవ్వాపుకుని, అది మంగలి షాపు కాదని, సారా కొట్టులాంటిదని, పైన గదులుంటాయని, గన్‌స్మోక్‌లో కిట్టీ అనే ఆవిడ దాన్ని నడుపుతుందని చెప్పాను. పైన గదులెందుకో చెప్పలేదు. ఆవిడా అడగలేదు. కాసేపాగి ఇంకో ప్రశ్న వేశారు. నేను ఈ పోస్టు రాయడానికి కారణం అదే.

"ఊళ్ళో మగాళ్ళంతా పొద్దస్తమానం ఆ పిల్ల కొట్లోనే ఉంటారు. ఎవరింట్లోనైనా ఆ పిల్ల కూర్చుని భోంచేసినట్టు చూపించరేం?"

ఆ శనివారం నుంచి నేనూ పక్కన కూర్చున్నాను. ఈ పాత వెస్టర్న్ సీరియళ్ళంటే గుర్రాలు, తుపాకులు, మగవాళ్ళ పౌరుషం. ఆడవాళ్ళ కష్టం వాటికి పట్టదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదు, బాగా పట్టింది. కొన్నిచోట్ల మన ఇప్పటి సీరియళ్ళ కంటే నిజాయితీగా పట్టించుకున్నాయి. అయితే చూపించిన కష్టాన్ని గంట తిరిగేసరికి బండెక్కించి ఊరు దాటించేయడం వాటి పద్ధతి. నా గొడవ ఆ బండితోనే.

మంచులో గది

గన్‌స్మోక్‌లో 1958 నాటి 'ది క్యాబిన్' చూడండి. అప్పటికింకా అరగంట ఎపిసోడ్లే. చట్టం కాపాడే అధికారి, మార్షల్ మాట్ డిలన్ మంచు తుఫానులో చిక్కుకుని ఒంటరి గుడిసె ఒకటి చేరతాడు. లోపల ఇద్దరు దుండగులు, ఒక అమ్మాయి. ఆమె తండ్రిని చంపి ఆమెను అక్కడే బంధించి ఉంచారు. ఏం జరిగిందో ఎవరూ నోటితో చెప్పరు. ఆమె వంట చేస్తూ ఉలిక్కిపడే తీరు, వాళ్ళు పిలిచినప్పుడు చూపు నేలకి దించే తీరు చూస్తే చాలు. 1958లో, అమెరికన్ కుటుంబాలు భోజనాలయ్యాక కూర్చుని చూసే వేళకి ఇది వచ్చిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

మాట్ ఇద్దర్నీ చంపుతాడు. మామూలుగా కథ అక్కడ అయిపోవాలి. గన్‌స్మోక్ రచయిత జాన్ మెస్టన్ రాసిన కథ గనక అవదు. ఆ అమ్మాయి మాట్‌తో డాడ్జ్‌కి రాదు. జరిగినదాని తర్వాత మర్యాదస్తుల మధ్య తనకి చోటుండదని ఆమె అప్పటికే తేల్చేసుకుంది. దీనివల్ల మనసు విరిచేసుకోకు, లోకంలో మంచి మగవాళ్ళు చాలామంది ఉన్నారంటాడు మాట్. "అంటుంటారు" అని మాత్రం అంటుందామె. ఆ ఒక్క మాటకి నేను సోఫాలో సర్దుకుని కూర్చున్నాను. మా అత్తగారికి ఆ మాట అర్థం కాలేదు, ఆ మొహం అర్థమైంది. "ఎక్కడికి పోతుంది?" అన్నారు. వేరే ఊరికట అన్నాను. "అక్కడ మాత్రం ఏం పెట్టి బతుకుతుంది?"

సీరియల్ ఆ ప్రశ్న అడగదు. వచ్చేవారం మాట్ ఇంకో తగువులో ఉంటాడు. ఆ అమ్మాయి పేరు డాడ్జ్‌లో ఎవరూ మళ్ళీ ఎత్తరు.

ఇలాంటివి చూసేకొద్దీ లెక్క తేలింది. కళంకం మోసే ఆడమనిషి ఊళ్ళోకి వస్తుంది. ఆమె సెలూన్లో పనిచేసినదై ఉండొచ్చు, పెళ్ళి కాకుండా తల్లయినదై ఉండొచ్చు, జైలుకెళ్ళినవాడి భార్య కావచ్చు. ఊరి ఆడవాళ్ళు మూతి తిప్పుతారు. హీరో ఒక్కడు టోపీ తీసి నమస్కారం పెడతాడు. మన కళ్ళు చెమరుస్తాయి. చివర్లో ఆమె ఎవరికో అడ్డుపడి తూటా తింటుంది, లేదా గుర్రబ్బండి కిటికీలోంచి చెయ్యి ఊపుతుంది. టోపీ తీసిన హీరోతో పాటు మనకీ పుణ్యం దక్కుతుంది, ఊరు మారనవసరం లేకుండానే.

"అతిథి పాత్ర కదా, వచ్చినవాళ్ళు పోకుండా ఎలా ఉంటారు? మగ అతిథులూ చస్తారుగా" అన్నాడు మా ఆయన. న్యాయమైన మాటే. ఇరవై సీజన్లు, 635 ఎపిసోడ్లు నడిచిన సీరియల్లో వచ్చినవాళ్ళందర్నీ ఉంచుకుంటే డాడ్జ్‌లో నిలబడే చోటుండదు. కానీ ఫెస్టస్ అనే పాత్రని చూడండి. ఏ మంచిపేరూ లేని హ్యాగెన్ల కుటుంబం నుంచి వచ్చాడు. స్నానం తెలీదు, చదువు రాదు, మొదట వచ్చింది అతిథిగానే. 1964లో శాశ్వత పాత్ర అయి, తర్వాత మాట్‌కి డిప్యూటీగా (సహాయ అధికారిగా) సీరియల్ ముగిసేదాకా ఉన్నాడు. ఒక మగవాడి చెడ్డపేరు రెండు ఎపిసోడ్లలో ముచ్చటగా మారిపోతుంది. ఆడదాని చెడ్డపేరుకి మాత్రం బండి టికెట్టే మందు.

ముగ్గురు భార్యలు, ముగ్గురూ లేరు

బొనాంజా దగ్గర మా అత్తగారు మొదటివారమే పట్టేశారు. "అంత పెద్ద ఇల్లు, నలుగురు మగాళ్ళు, ఒక వంటవాడు. ఆడదిక్కు లేదా?" ఉండేది, మూడుసార్లు. ఆ ఇంటి పెద్ద బెన్ కార్ట్‌రైట్‌కి ముగ్గురు భార్యలు, ముగ్గురికీ ఒక్కో కొడుకు. ఎలిజబెత్ పురిట్లో పోయింది. ఇంగర్‌ని బాణం కొట్టింది. మూడో భార్య మారీ గుర్రం మీద నుంచి పడింది. 1961 నుంచి 1963 దాకా ఏడాదికొకటి చొప్పున ముగ్గురికీ ఒక్కో ఫ్లాష్‌బ్యాక్ ఎపిసోడ్ తీశారు. ఒక రకంగా చూస్తే సరిహద్దు ప్రాంతంలో ఆడవాళ్ళు ఎన్ని రకాలుగా చనిపోయేవారో చెప్పే పట్టిక అది. ఇంకో రకంగా చూస్తే, ఆ ఇంటి మగవాళ్ళు పౌరుషంగా, సున్నితంగా, తల్లిలేని బిడ్డల్లా ముద్దుగా కనపడటానికి ముగ్గురు ఆడవాళ్ళు కథ మొదలవకముందే పోవాల్సి వచ్చింది.

ది బిగ్ వ్యాలీ (1965-69) అనే ఇంకో వెస్టర్న్ కొంచెం భిన్నం. ఇక్కడ పోయినవాడు భర్త. ఇంటి పెద్ద విక్టోరియా బార్క్‌లీగా బార్బరా స్టాన్‌విక్ వేసింది, అరవైకి దగ్గరపడుతున్న వయసులో. 1966లో ఎమ్మీ టీవీ అవార్డు కూడా తీసుకుంది. గుర్రమెక్కుతుంది, తుపాకీ పడుతుంది, కొడుకుల్ని కళ్ళతోనే కూర్చోబెడుతుంది. అసలు సంగతి హీత్ అనే కుర్రాడిది. నేను మీ నాన్న కొడుకునే, మా అమ్మతో పెళ్ళి కాలేదంతే అంటూ వచ్చి గుమ్మంలో నిలబడతాడు. విక్టోరియా అతన్ని ఇంట్లోకి రానిస్తుంది. నాకు భలే నచ్చిన పాత్ర ఇది, అందుకే ఈ మాట చెప్పడానికి కష్టంగా ఉంది: హీత్ తల్లి లేయా అప్పటికే చనిపోయింది. ఆమె బతికుండి, ఆ గుమ్మంలో కొడుకు పక్కన నిలబడి ఉంటే? విక్టోరియా అప్పుడేం చేసేది? నిజంగా చూడదగ్గ సీరియల్ అది. ఎవరూ తీయలేదు. కొడుకు మీది మచ్చ తుడవొచ్చు, ఎందుకంటే అతను పొలం పనికొస్తాడు, గుర్రాల్ని లొంగదీస్తాడు. తల్లి మచ్చ మట్టిలో కలిసిపోయాకే కడుపునిండా జాలిపడటం కుదిరింది.

విక్టోరియాని చూసి మా అత్తగారు అన్నది ఒకటే మాట. "ఆస్తున్న విధవరాలిని ఎవరేమంటారమ్మా?"

ఆవిడ ముప్ఫై రెండేళ్ళకే భర్తని పోగొట్టుకున్నారు. రెండు గేదెల్ని పెట్టుకుని పాలు పోసి ఇద్దర్ని చదివించారు. అంతకుమించి ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు గనక నేనూ రాయను.

మసి లేని గోడ

కష్టం విషయానికొస్తే టీవీలో అది ఎప్పుడూ ఒక సంఘటన. తుఫాను, దోపిడీ, అగ్నిప్రమాదం. రోజూ ఉండే చాకిరీ కనపడదు. మా అత్తగారు ఒక ఎపిసోడ్‌లో రైతు గుడిసెని చూసి "పొయ్యి పక్క గోడకి మసే లేదు, వీళ్ళు వండరా?" అన్నారు. ఆ తర్వాత నాకు ఏ వెస్టర్న్‌లోనూ గోడ తప్ప ఇంకేమీ కనపడలేదు చాలా రోజులు.

చెట్లులేని ఆ మైదానాల్లో కట్టెలు దొరికేవి కావు. ఎండిన అడవిదున్న పేడ, తర్వాత పశువుల పేడ ఏరుకొచ్చి పొయ్యిలో పెట్టేవారు. గడ్డి వేళ్ళతో సహా మట్టిగడ్డలు కోసి ఇటుకల్లా పేర్చిన ఇళ్ళు; వాన పడితే రెండురోజులు లోపల కారుతూనే ఉండేవి. పిడకల సంగతి చెప్పగానే మా అత్తగారి మొహం వెలిగింది. "మరి చెప్పవేం? మనోళ్ళే!" పిడక మంట ఎంతసేపు నిలుస్తుందో, వానాకాలం వాటిని ఎలా దాచాలో ఆవిడ చెబుతుంటే, స్టూడియోలో సెట్టు వేసినవాళ్ళెవరూ ఇలాంటి ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టుకోలేదు గదా అనిపించింది. 1874లో కాన్సస్ మీద మిడతలు పడి పైరుతో పాటు తోలు జీనుల్ని, తాడుమీద ఆరేసిన బట్టల్ని కూడా కొరికేశాయంటారు. మళ్ళీ మొదలుపెట్టిన చేతుల్లో సగం ఆడవాళ్ళవే.

ఇంకోటి. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం పెళ్ళికాని ఆడవాళ్ళు, విధవరాళ్ళు కూడా తమ పేరున 160 ఎకరాలకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయిదేళ్ళు అక్కడ ఉండి సాగు చేస్తే భూమి వాళ్ళదే. భర్తతో కాపరం చేస్తున్న ఆడదానికి సాధారణంగా ఆ హక్కు లేదు. అంటే మొగుడు లేకపోవడం లోకం కళ్ళకి లోటు, భూమి కాగితాల్లో అర్హత. ఎంత కథ ఉంది అందులో! వయోమింగ్‌లో 1869లోనే ఆడవాళ్ళకి ఓటు వచ్చింది. కాన్సస్‌లోనే, డాడ్జ్ సిటీ ఉన్న ఈ రాష్ట్రంలోనే, 1887లో ఆర్గోనియా అనే చిన్న ఊరు సుసానా సాల్టర్‌ని మేయర్‌గా ఎన్నుకుంది, అమెరికాలో మొదటి మహిళా మేయర్. టీవీ డాడ్జ్‌లో ఆడవాళ్ళు ఓటు ఊసెత్తగా నేను చూడలేదు.

ఇక కళంకం సంగతి. ఏప్రిల్లో మంచు కరిగాక అత్తగారిని కారులో డాడ్జ్ సిటీకి తీసుకెళ్ళాం, అయిదు గంటల పైన ప్రయాణం. అక్కడ మ్యూజియంలో పాత ఫ్రంట్ స్ట్రీట్‌ని మళ్ళీ కట్టారు. సీరియల్లో కిట్టీ నడిపే లాంగ్ బ్రాంచ్ సెలూన్ కూడా ఉంది. అసలు లాంగ్ బ్రాంచ్ నిజంగా ఉండేది గానీ దాని యజమానులు మగవాళ్ళు, కిట్టీ కల్పన. సర్సపరిల్లా అని ఒక చల్లని పానీయం తెచ్చిచ్చాను. ఒక గుక్క తాగి గ్లాసుకేసి చూశారు. "ఇది సుగంధి కదే!" నిజమే, దాదాపు అదే వాసన. ఇంత దూరం వచ్చి సుగంధి సోడా తాగామని ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నారు.

ఆ బల్ల దగ్గర కూర్చున్నప్పుడే నేను ఆవిడకి జరిమానాల సంగతి చెప్పాను. కాన్సస్ పశువుల పట్టణాల్లో వేశ్యావృత్తి, జూదం చట్టప్రకారం నేరాలు. అయినా మూయించేవాళ్ళు కాదు. నెలనెలా ఆ ఆడవాళ్ళ నుంచి, జూదగాళ్ళ నుంచి జరిమానా వసూలు చేసేవారు. నెలనెలా కట్టే జరిమానా ఏమిటి, అది లైసెన్సు ఫీజే. ఆ డబ్బు ఊరి ఖజానాకి పోయేది, పోలీసుల జీతాలకి సాయపడేది. విచిటాలో, తర్వాత డాడ్జ్‌లో వ్యాట్ అర్ప్ లాంటి పేరుమోసిన పోలీసులు బిళ్ళ పెట్టుకుని తిరిగిన రోజులవే. అంటే నిజం మాట్ డిలన్ల జీతంలో కొంత నిజం కిట్టీలు కట్టినదే. మర్యాదస్తుల ఇళ్ళకి పన్ను తగ్గేది, ఆ ఇళ్ళల్లోకి మాత్రం ఆమెకి పిలుపుండదు. అత్తగారు వేసిన భోజనం ప్రశ్నకి జవాబు నాకు దొరికింది అక్కడే.

సీరియళ్ళు కళంకాన్ని ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు నోటిదురుసు ఆడవాళ్ళ నెత్తిన రుద్దుతాయి. టోపీల కింద మూతులు ముడిచే ఆ పాత్రలు మీరూ చూసే ఉంటారు. ఆడదానికి ఆడదే శత్రువని మన అత్తాకోడళ్ళ సీరియళ్ళు చెప్పేదీ ఇదే. ఊరి లెక్కల పుస్తకం మాత్రం ఎవరూ తెరవరు.

తెల్లవాళ్ళు కానివాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. మూలవాసులు ఎత్తుకుపోయి, ఏళ్ళ తర్వాత తిరిగొచ్చిన తెల్లమ్మాయిల కథలు వెస్టర్న్‌లలో కొల్లలు. ఊరు ఆమెను మళ్ళీ దగ్గరికి తీస్తుందా అన్నదే వాటిలో ప్రశ్న. 1836లో చిన్నపిల్లగా కమాంచీ తెగవాళ్ళ చేతిలో పడిన సింథియా ఆన్ పార్కర్‌ని 1860లో 'కాపాడి' తెచ్చారు. అప్పటికి ఆమె కమాంచీ నాయకుడి భార్య, పిల్లల తల్లి. తిరిగి తనవాళ్ళ దగ్గరికి పారిపోవాలని పదేపదే చూసింది, పోనివ్వలేదు. ఆమెను ఊరు ఒప్పుకుంటుందా అని కాదు, ఆమె ఈ ఊరిని ఒప్పుకుంటుందా అని అడిగితే కథ మొత్తం తిరగబడేది.

చెప్పకపోవడం

ఇక్కడిదాకా రాసి నా మీద నాకే అనుమానమొచ్చి రెండు వారాలు పక్కన పెట్టాను. అనుమానం కిట్టీ గురించే.

గన్‌స్మోక్ మొదట రేడియో నాటకం, 1952లో మొదలైంది. అందులో ఒక ఎపిసోడ్‌లో మాట్ ఆమెను ఊరి డాన్స్‌కి తీసుకెళ్తే జనం చిన్నచూపు చూస్తారు. ఆమె వృత్తి ఏమిటో మేం చెప్పం గానీ అదేనని రేడియో నిర్మాత నార్మన్ మెక్‌డొనెల్ అప్పట్లోనే ఒక పత్రికతో ఒప్పుకున్నాడు కూడా. టీవీలోకి వచ్చేసరికి ఆమె త్వరలోనే లాంగ్ బ్రాంచ్‌లో సగం వాటాదారు అయిపోయింది. 1957లో, పెంచని తండ్రి న్యూ ఆర్లీన్స్ నుంచి ఊడిపడతాడు. కూతురి మీద ప్రేమతో కాదు, ఆ సగం వాటా మీద కన్నేసి. వృత్తి మాట పోయి వ్యాపారం మాట మిగిలింది. కడిగేశారు, పిరికితనం అని నేను మొదట రాసుకున్నాను.

"చెప్పకపోతే పిరికితనమేంటి?" అన్నారు మా అత్తగారు. "ఊళ్ళో అందరికీ తెలుసు. డాక్టరుకీ తెలుసు, ఆ కుంటాయనకీ తెలుసు. వచ్చి కూర్చుంటారు, మాట్లాడతారు, ఆ ఊసెత్తరు. నీకు మర్యాదంటే ఏంటనుకుంటున్నావు? కుండ మూతికి మూకుడుంది, ఊరి మూతికి లేదు. లేని మూకుడు ఎవరో ఒకరు పెట్టాలి."

నాకు జవాబు తట్టలేదు. 1972లో వచ్చిన 'హోస్టేజ్!' చూశాక ఇంకా తికమక పడ్డాను. జూడ్ బానర్ అనే దుర్మార్గుడు కిట్టీని ఎత్తుకుపోతాడు. అతని ముఠా ఆమెను ఏం చేసిందో ఈసారీ నోటితో చెప్పరు. ఆమెను తిరిగి తెచ్చి వీధిలోకి తోసి కాలుస్తారు. మాట్ తన బిళ్ళ తీసి పక్కన పెట్టి వాళ్ళ వెంటపడతాడు. తర్వాతి వారాల్లో కిట్టీ మామూలుగా లాంగ్ బ్రాంచ్‌లో గ్లాసులు సర్దుతూ కనపడుతుంది.

పాత సీరియళ్ళ మతిమరుపు అది, వారం వారం పలక తుడిచేస్తారు. కానీ 1958లో గుడిసెలో ఆ అమ్మాయికి జరిగిందీ, 1972లో కిట్టీకి జరిగిందీ ఒకటే. ఆ అమ్మాయి ఇక తలెత్తుకోలేనని ఊరు విడిచిపోయింది. కిట్టీ పోలేదు. ఎవరూ ఒక్క మాటా అనలేదు, ఆమె తన కొట్టు తను తెరుచుకుంది. నేను తప్పుపట్టిన ఆ మతిమరుపే ఇక్కడ దయలా పనిచేసింది. రాసినవాళ్ళు అనుకుని చేశారో లేదో వేరే సంగతి. అత్తగారి మూకుడు ఇదేనా అని చాలాసేపు ఆలోచించాను.

పూర్తిగా ఒప్పుకోలేకపోవడానికి కారణం 1973. ఆ ఏడాది మాట్ గాయపడి గతం మర్చిపోతాడు. మైక్ యార్డ్‌నర్ అనే విధవరాలి దగ్గర కోలుకుంటూ ఆమెను ప్రేమిస్తాడు. తర్వాత 1990లో తీసిన టీవీ సినిమాలో, వాళ్ళకొక కూతురు కూడా ఉందని తేలుతుంది. అంటే పద్దెనిమిదేళ్ళు రోజూ ఎదురుగా ఉన్న ఆడదానితో కుదరని కాపరం, తానెవరో మర్చిపోయాక ఇట్టే ఇంకొకరితో కుదిరింది. మార్షల్‌కి తన బిళ్ళ, తన ఊరు గుర్తున్నంతకాలం కిట్టీ ఆ బల్ల అవతలే. ఊసెత్తని మర్యాద బాగానే ఉంది. ఆ మర్యాద ఆమెను ఏ ఇంటి భోజనం బల్ల దగ్గరికీ తీసుకెళ్ళలేదు.

కిట్టీగా వేసిన అమాండా బ్లేక్ పంతొమ్మిది సీజన్లు చేసి 1974లో మానేసింది. చివరి సీజన్‌లో లాంగ్ బ్రాంచ్ హానా అనే ఇంకో ఆవిడ చేతిలో ఉంటుంది. కిట్టీకి వీడ్కోలు ఎపిసోడ్ ఏదీ లేదు. న్యూ ఆర్లీన్స్ వెళ్ళిపోయిందన్నది కథ.

మా అత్తగారు జులైలో తెనాలి వెళ్ళిపోయారు. మొన్న ఫోన్లో మామిడికాయల ధర, పక్కింటివాళ్ళ గొడవ అన్నీ అయ్యాక, ఉన్నట్టుండి "ఆ కిట్టీ చివరికేమైందమ్మాయీ? నేనున్నప్పుడు అవలేదుగా" అన్నారు. వాళ్ళ ఊరు వెళ్ళిపోయిందత్తయ్యా అన్నాను.

"బండి దాకా ఎవరైనా వెళ్ళారా?"

"అది తీయలేదత్తయ్యా."